పది రోజులకే మీ వీధి అయిపోలేదు, ఇంకా మొదలే కాలేదు

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. బెంగళూరు యలహంకలో ఉంటున్నారు. డిసెంబరు మొదట్లో కెమెరా కొన్నారు. లాక్‌డౌన్ రోజుల చలికాలంలో చాలామంది చేసినట్టే రోజూ పొద్దున ఇంటి చుట్టుపక్కల నడుస్తూ ఫోటోలు తీద్దామని మొదలుపెట్టారు. పది రోజులు తిరిగేసరికి విసుగొచ్చింది. "అదే వీధి, అవే గేట్లు, అవే కార్లు. ఇంకో లెన్స్ కొనమంటారా, లేకపోతే నంది కొండ వైపు వెళ్లమంటారా?" అని అడిగారు.

లెన్స్ కొనకండి. నంది కొండకు ఎప్పుడైనా వెళ్లి రండి, కాదనను, కానీ దానితో ఈ విసుగు పోదు. అక్కడ కూడా పదో రోజుకి ఇదే మాట అంటారు. విసుగు పుట్టిన చోటే ఇంకో నెల నిలబడితే అసలు ఫోటోలు రావడం మొదలవుతుంది. ఇది పుస్తకాల్లో చదివిన మాట కాదు, నాకు జరిగింది.

నాది మదనపల్లె. బెంగళూరు వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. పెళ్లిళ్ల ఫోటోలు తీయడమే నా బతుకుదెరువు. 2020 మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ పడింది. ఆ వేసవి ముహూర్తాలన్నీ రద్దయ్యాయి, తీసుకున్న అడ్వాన్సులు తిరిగి ఇచ్చేశాను. కెమెరా బ్యాగు బీరువా మీదకి ఎక్కించి, నవంబరు దాకా దాని ముఖం చూడలేదు. అది పెద్ద తప్పు, ఎందుకో కింద చెబుతాను.

ముందు ఒక విషయం. చలికాలంలో లాక్‌డౌన్ అని అందరం అంటాం గానీ, బెంగళూరులో గట్టి లాక్‌డౌన్లు పడింది చలికాలంలో కాదు. మొదటిది వేసవిలో. తర్వాత ఊరికి మాత్రం 2020 జూలై 14 నుంచి 22 దాకా. రెండో వేవ్‌లో 2021 ఏప్రిల్ 27 నుంచి. 2020 నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా బయట తిరగడానికి అడ్డు లేదు, మాస్క్ ఉంటే చాలు. కానీ పని లేదు, చుట్టాల రాకపోకలు లేవు, మనసులో భయం తగ్గలేదు. నా నడక మొదలైంది ఆ చలికాలంలోనే. మళ్లీ 2022 జనవరిలో వారాంతపు కర్ఫ్యూ పెట్టారు, శుక్రవారం రాత్రి పది నుంచి సోమవారం పొద్దున ఐదు దాకా. అది రెండు వారాంతాలు నడిచింది. ఆ శని, ఆదివారాలు నేను గేటు దాటలేదు, మేడ మీదే తీశాను. అత్యవసరమైతేనే బయటికి రమ్మన్నప్పుడు కెమెరా పట్టుకుని రోడ్డెక్కడం నాకు తప్పనిపించింది.

మేముండేది మల్లేశ్వరంలో. 1898లో ఊళ్లో ప్లేగు వచ్చినప్పుడు పాత ఊళ్లో ఇరుకిరుకుగా ఉన్న జనం గాలీ వెలుతురూ ఉన్న చోటికి తరలి వచ్చి పెరిగిన పేటలివి, మల్లేశ్వరం, బసవనగుడి రెండూ. ఇళ్ల వెనకాల సన్నటి సందులుంటాయి, పారిశుద్ధ్యం కోసం వదిలినవి. వాటి పక్కనే అన్నేళ్లు ఉండి కూడా ఒక్కసారి లోపలికి నడవలేదు. ఒక అంటువ్యాధి వల్ల పుట్టిన సందుల్లో ఇంకో అంటువ్యాధి రోజుల్లో నడుస్తున్నానని తెలిసినప్పుడు, ఆ పాత గోడలను చూసే తీరే మారిపోయింది. మీ యలహంక సంగతి కూడా కాస్త కనుక్కోండి. బెంగళూరుని కట్టించిన కెంపేగౌడ పూర్వీకుల ఊరది, పాత ఊరూ న్యూ టౌనూ పక్కపక్కనే ఉన్నాయి. నడిచే నేల గురించి రెండు ముక్కలు తెలిస్తే కన్ను ఆగే చోట్లు పెరుగుతాయి.

ఇక అసలు పద్ధతి. మీ దారిలో ఐదు చోట్లు ఎంచుకోండి. అందమైనవే కానక్కర్లేదు. నావి ఇవి: ఒక ఆకాశమల్లె చెట్టు, వెనక సందులో తుప్పు పట్టిన నీలం గేటు, రేషన్ షాపు ముందు నేల, ఒక పాత ఇంటి అరుగు, శాంకీ చెరువు గట్టున ఒక మూల. రోజూ ఈ ఐదింటి దగ్గరా ఆగి, ఒక్కోటి తీసి, తర్వాత నా ఇష్టం వచ్చింది తీసేదాన్ని. ఈ ఐదూ మాత్రం ఒక్కరోజు కూడా మానలేదు. జ్వరం వచ్చిన నాలుగు రోజులు తప్ప.

రేషన్ షాపు ముందు నేలలో ఏముందని అడుగుతారేమో. 2020 వేసవిలో జనం దూరం దూరంగా నిలబడటానికి ప్రతి షాపు ముందూ తెల్ల పెయింట్‌తో గుండ్రాలు గీశారు, గుర్తుందా? నేను నడక మొదలుపెట్టేనాటికి అవి సగం చెరిగిపోయాయి. రోజూ ఒకే గుండ్రాన్ని, ఒకే చోట నిలబడి తీశాను. డిసెంబరులో దాని మీద స్కూటర్ టైరు మరకలు. ఒకరోజు అందులో కుక్క ముడుచుకుని పడుకుంది. ఇంకోరోజు ఎవరో అవరెకాయల సంచీ దించారు, మన వైపు అనపకాయలంటామే అవి, నాలుగు కాయలు అందులో పడి ఉన్నాయి. సంక్రాంతి ముందు రోజు పొద్దున వెళ్లేసరికి షాపు వాళ్లమ్మాయి ఆ గుండ్రాన్నే ముగ్గుకి అంచుగా పెట్టుకుని లోపల తామరపువ్వు వేసేసింది. పాత పెయింటూ కొత్త ముగ్గుపిండీ పక్కపక్కనే, రెండు రకాల తెలుపు. పెళ్లిళ్లలో వేలకు వేలు ఫోటోలు తీశాను. నాకు ఇంతగా నచ్చినవి అందులో వేళ్ల మీద లెక్కపెట్టేన్ని కూడా లేవు. పదో రోజున ఆపేసి ఉంటే నా దగ్గర ఒక చెరిగిపోయిన గుండ్రం ఫోటో మాత్రమే ఉండేది.

అందుకే ఫోటోలను తేదీ వారీగా కాకుండా చోటు వారీగా ఫోల్డర్లలో పెట్టుకోండి. గేటుకొక ఫోల్డరు, చెట్టుకొక ఫోల్డరు. నెల తిరిగాక ఒక్కో ఫోల్డరు తెరిచి వరసగా చూస్తే, మీరు నిలబడి ఉన్నప్పుడు గమనించనివి కూడా కనిపిస్తాయి.

వెలుతురు గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే చలికాలంలో మనకి దొరికే ఆస్తి అదే. ఏప్రిల్ 24 ప్రాంతంలో బెంగళూరులో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీద ఉంటాడు, నిలువు కర్రకి నీడే పడదు. డిసెంబరు చివర్లో అదే మధ్యాహ్నం 54 డిగ్రీల ఎత్తు మాత్రమే ఎక్కుతాడు. అంటే పట్టపగలు కూడా ఎండ కొంచెం పక్క నుంచే పడుతుంది. పైగా ఆ రోజుల్లో సూర్యుడు నేరుగా తూర్పున పొడవడు, దాదాపు 24 డిగ్రీలు దక్షిణానికి జరిగి పొడుస్తాడు. మల్లేశ్వరంలో క్రాసులు, అంటే అడ్డ వీధులు, తూర్పు పడమరలుగా ఉంటాయి. డిసెంబరు పొద్దున ఎండ క్రాసులోకి తిన్నగా రాదు, ఏటవాలుగా వచ్చి వీధికి ఉత్తరం పక్కనున్న ఇళ్ల గోడల మీద పడుతుంది. మార్చి మూడో వారానికి వీధి పొడవునా తిన్నగా దూసుకొస్తుంది. ఈ మార్పు రోజుకి కొంచెం కొంచెంగా జరుగుతుంది. అదే గోడని రోజూ చూసేవాళ్లకి తప్ప ఎవరికీ తెలియదు.

టైము కూడా చూసుకోండి. బెంగళూరులో పొద్దు అన్నిటికన్నా ఆలస్యంగా పొడిచేది డిసెంబరులో అనుకుంటారు చాలామంది. కాదు, జనవరి నాలుగో వారంలో, దాదాపు 6:46కి. పొడిచిన గంటకి సూర్యుడు 13 డిగ్రీల పైకి వస్తాడు, అప్పుడు మనిషి నీడ మనిషి ఎత్తుకి నాలుగింతలకి పైగా ఉంటుంది. రెండు గంటలకి నీడ రెండింతలకి తగ్గిపోతుంది. పొడిచిన దగ్గర్నుంచి ఆ గంటా, గంటన్నరే మీది. తొమ్మిదింటికి లేచి వెళ్తే మీ వీధి మీరు చెప్పినట్టే ఉంటుంది, అవే గేట్లు, అవే కార్లు. మీరు ఏ టైముకి వెళ్తున్నారో రాయలేదు. నా అనుమానం ఎనిమిది దాటాకే అని.

ఆకాశమల్లె సంగతి చెప్పకుండా ఉండలేను. నవంబరు, డిసెంబరుల్లో ఈ చెట్టు తెల్లటి పొడుగు కాడల పూలు రాత్రంతా రాలుస్తుంది. తెల్లారేసరికి ఫుట్‌పాత్ కనపడదు. కానీ ఏడు కాకముందే పౌరకార్మికులు ఊడ్చేస్తారు. మా క్రాసు ఊడ్చే ఆమెది కదిరి వైపు ఊరు. ఈ ఊళ్లో ఈ పని చేసేవాళ్లలో మన తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు, వైరస్ రోజుల్లో ఒక్క పూట కూడా ఇంట్లో కూర్చోని వాళ్లు. మొదటి వారం నన్ను వింతగా చూసింది. తర్వాత ఒకరోజు చీపురు ఆపి అడిగింది, "ఏంక్కా, దినామూ ఈ పూలే తీస్తావు, నేను ఊడ్చేసేవే గదా?" నాకు ఏం చెప్పాలో తోచలేదు, బాగుంటాయి కదా అన్నాను. నాలుగైదు రోజుల తర్వాత నేను పావుగంట ఆలస్యంగా వెళ్లాను. ఫుట్‌పాత్ అంతా శుభ్రంగా ఉంది, చెట్టు మొదట్లో మాత్రం ఒక చాప వేసినంత మేర పూలు అలాగే ఉన్నాయి. "నువ్వొస్తావని వదిలిపెట్నా. తొందరగా తీసుకో, మేస్త్రీ వస్తాడు" అంది. చుట్టూ దుమ్ములో చీపురు గీతలు విసనకర్రల్లా ఉన్నాయి, మధ్యలో తెల్లటి చాప, ఒక మూల ఆమె చెప్పులు. చేతులు వణుకుతుంటే ఊపిరి బిగబట్టి తీశాను. ఎనిమిదికి పది సైజులో ప్రింట్ వేయించి ఇస్తే చాలాసేపు చూసి, "నా చెప్పులు కూడా పడినాయే" అని నవ్వింది. మరుసటి రోజు నుంచి మా ఇద్దరికీ పలకరింపులు.

ఆ ఫోటో సెట్టింగు కూడా చెబుతాను, మీకు పనికొస్తుంది. నల్లటి నేల మీద తెల్లపూలు ఉంటే కెమెరా నలుపుని చూసి మోసపోతుంది, మొత్తం వెలుతురు పెంచేస్తుంది, పూల రేకులు సున్నం కొట్టినట్టు అయిపోతాయి. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్, అంటే కెమెరా లెక్కగట్టిన వెలుతురుని మనం పెంచే, తగ్గించే సెట్టింగు, ఒక స్టాప్ తగ్గించండి, అంటే వెలుతురు సగానికి. ధనుర్మాసంలో వాకిళ్ల ముగ్గులకీ ఇదే లెక్క, కళ్లాపి తడి మీద తెల్ల ముగ్గు. మంచు పట్టిన చెరువుకి ఇది సరిగ్గా తిరగబడుతుంది, అక్కడ కెమెరా తెలుపుని బూడిదగా చేస్తుంది, కాబట్టి ముప్పావు స్టాప్ దాకా పెంచాలి. వైట్ బ్యాలెన్స్ ఆటోలో వదలకండి, డేలైట్‌లో పెట్టండి. ఆటోలో పెడితే పొద్దుటి పసుపుని, నీడలోని నీలాన్ని కెమెరా తనే సర్దేసి అన్ని రోజులనీ ఒకేలా చేసేస్తుంది. మనం లేచింది ఆ తేడా కోసమే కదా. మిగతాదంతా అపెర్చర్ ప్రయారిటీ (లెన్స్ రంధ్రం ఎంతో మనం పెడితే మిగతాది కెమెరా చూసుకునే మోడ్), ఆటో ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం కెమెరాకే వదిలేయడం), షటర్ వేగం సెకనులో 1/250వ వంతుకి తగ్గకుండా. ఇంతకు మించి ఆలోచించకండి.

ముగ్గుల గురించి ఇంకొక్క మాట. ముగ్గు మీకూ సూర్యుడికీ మధ్యలో ఉండేలా నిలబడి, బాగా కిందికి వంగండి. ఏటవాలు ఎండలో ముగ్గుపిండి గీత పక్కన సన్నటి నీడ పడి, గీత నేల మీద ఉబ్బెత్తుగా కనిపిస్తుంది. పైనుంచి తీస్తే అది డిజైన్ మాత్రమే. కింది నుంచి తీస్తే ఆమె వేళ్ల మధ్య నుంచి పిండి ఎక్కడ ఒత్తుగా జారిందో, ఎక్కడ పల్చబడిందో కూడా పడుతుంది. బియ్యప్పిండితో వేస్తే చీమల వరస కూడా దొరుకుతుంది. ఇంటివాళ్లు కనిపిస్తే "ముగ్గు బాగుందమ్మా, ఫోటో తీసుకోనా?" అని అడగండి. వద్దన్నవాళ్లు నాకు ఒక్కరు కూడా లేరు. ఒక పెద్దావిడైతే మాస్క్ సర్దుకుని వచ్చి, తనే పక్కన నిలబడింది.

లెన్స్ అడిగారు కాబట్టి. నేను పెళ్లిళ్లకి వాడే పెద్ద జూమ్ ఇంట్లో పెట్టి, జూమ్ లేని 50 ఎంఎం లెన్స్ ఒక్కటే తీసుకెళ్లాను. జూమ్ ఉంటే నిలబడ్డ చోటి నుంచే తిప్పుతాం, లేకపోతే కాళ్లు కదులుతాయి. మీ కెమెరాతో వచ్చిన లెన్స్ జూమ్ అయితే దాన్ని ఒకే చోట, 35 దగ్గరో 50 దగ్గరో పెట్టి టేపు అంటించేయండి. నెల పాటు ఆ టేపు తీయకండి. రోజుకి 36 ఫోటోలకి, అంటే ఒక ఫిల్ము రోలుకి, మించొద్దు. ఫిల్ము రోజుల్లో నేర్చుకున్నవాళ్లం కాబట్టి నాకు ఆ లెక్క అలవాటు, మీకు మొదటి వారం కష్టంగా ఉంటుంది.

ఇప్పుడు నా తప్పు. మార్చి నుంచి నవంబరు దాకా బ్యాగులో మూసిపెట్టిన లెన్సుల్లో ఒకటి, మనుషుల ఫోటోలకి వాడే 85 ఎంఎం, బయటికి తీసి దీపానికి ఎదురుగా పట్టుకుని చూస్తే లోపలి అద్దం మీద సాలెగూడులా సన్నటి దారాలు. ఫంగస్. వానాకాలం తేమ, చీకటి, గాలి ఆడని బ్యాగు, దానికి కావలసినవి ఇవే. శుభ్రం చేయించాను గానీ అద్దం మీది పూత దెబ్బతింది, ఎదురు వెలుతురులో ఇప్పటికీ పొగ కమ్మినట్టు వస్తుంది. సంపాదన లేని ఏడాదిలో ఆ దెబ్బ నన్ను చాలా బాధపెట్టింది. వాడని రోజుల్లో కెమెరాని గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ వేసి పెట్టండి, లోపల తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండేట్టు చిన్న మీటరు పెట్టుకోండి. వారానికోసారైనా వెలుతురులోకి తీయండి. రోజూ నడకకి తీసుకెళ్లే కెమెరాకి ఈ జబ్బు అంత తేలిగ్గా రాదు, అది కూడా నడకకి ఒక కారణమే.

మనుషుల విషయంలో జాగ్రత్త. ఆ రోజుల్లో మాస్కుల వల్ల ముఖాలు సగమే కనిపించేవి, అందువల్ల చేతులు చూడటం నేర్చుకున్నాను. ఎనిమిదో క్రాసు మార్కెట్ దగ్గర అనపగింజలు వలిచే ఆడవాళ్ల బొటనవేళ్లు, పితికిపప్పు కోసం నానబెట్టిన గింజల్ని నొక్కి పొట్టు తీసే ఆ చిటికె, ఇవన్నీ మా అమ్మ చేతుల్లో ముప్పై ఏళ్లు చూసినవే, కెమెరాతో అప్పుడే చూశాను. అక్కడ నీలం టార్పాలిన్ కింద తీస్తే చర్మం నీలంగా వస్తుంది, బుట్ట రెండడుగులు బయటికి ఉన్న చోట తీయండి. ఎవరినైనా "అక్కా, తీసుకోనా?" అని అడిగే తీయండి. పిల్లల్ని పెద్దవాళ్లు పక్కన లేకుండా తీయొద్దు. అంబులెన్సు ఆగిన ఇంటి ముందు కెమెరా దించేసేదాన్ని, 2021 ఏప్రిల్, మే నెలల్లో అసలు బయటికే తీయలేదు.

మీ విషయంలో ఇంకొకటి. యలహంకలో వైమానిక దళం స్థావరం ఉంది. దాని గోడ పక్కన, గేట్ల దగ్గర కెమెరా ఎత్తకండి, విమానం ఎంత బాగా కనిపించినా సరే. దారిని అటు కాకుండా లోపలి క్రాసుల వైపు పెట్టుకోండి. పుట్టేనహళ్లి చెరువు మీకు దగ్గరైతే మీ ఐదు చోట్లలో ఒకటి దాని గట్టున పెట్టుకోవచ్చు. పక్షుల కోసం పెద్ద లెన్స్ లేదని దిగులు పడకండి, చలికాలపు పొద్దున నీళ్ల మీద పొగమంచు లేస్తున్నప్పుడు కొంగ చిన్న గీతలా ఉంటేనే అందం. ఆకాశం నిర్మలంగా ఉండి, గాలి ఆడని రాత్రి తర్వాత తెల్లవారుజామునే ఆ మంచు దొరుకుతుంది. రాత్రి పడుకునే ముందు చుక్కలు బాగా కనిపిస్తే అలారం పావుగంట ముందుకి జరపండి.

ఫిబ్రవరిలో పసుపు పూల టబెబుయా చెట్లు పూయడం మొదలుపెడతాయి. ఆకులన్నీ రాల్చి ఒట్టి కొమ్మలతో నిలబడ్డ చెట్టు మీ దారిలో ఉంటే ఇప్పుడే దాన్ని ఒక చోటుగా రాసుకోండి. పూసిన రోజు ఊరంతా దాన్ని ఫోటో తీస్తుంది, దాని ఒట్టి కొమ్మల నెల మాత్రం మీ ఒక్కరి దగ్గరే ఉంటుంది.

రేపు ఆరున్నరకల్లా వీధి చివర నిలబడండి, కెమెరా ఆన్ చేయకుండానే. మొదటి ఎండ మీ క్రాసులో ఏ ఇంటి గోడని, ఎంత ఎత్తులో తాకిందో చూసి నాకు రాయండి. మీ మొదటి చోటు ఏదో అప్పుడు ఇద్దరం కలిసి చూద్దాం.